తడి కోత

పొద్దుగాల నాలుగింటికి లక్ష్మీపురంల
మొదటి మార్కెట్ మొదలైతది.
లారీ వెనుక తలుపు ధడేలున దిగుతది,
హమాలీలు జరుగు జరుగుమంటరు,
కాంట మీద ఉల్లిగడ్డ,
నా చెవుల పెన్ను, చంకల పద్దు పుస్తకం.

తొమ్మిది దాటినంక
వేలం పాట లేని రెండో మార్కెట్.
దానికి గుమస్తా లేడు, రశీదు లేదు.
మొగిలమ్మ ఒక్కతే
కొంగు నడుముకు చెక్కి వంగుతది.

బత్తాయి డబ్బా అట్టను వేలితో మీటుతది.
టక్కుమంటే ఈ కుప్ప,
బుస్సుమంటే ఆ కుప్ప.
ఆపిల్ పండు విడిచిన ఊదా కాయితం,
టమాట పెట్టెకు విరిగిన చెవి,
ఎల్లిగడ్డ సంచి ఎర్రజాలి.
మిరప గోనెను ముక్కుతోనే పడ్తది,
రెండు తుమ్ములు తుమ్మి పక్కకేస్తది.
సుతిలి ముడి పండ్లతో విప్పి
మోచేతికి చుట్టుకుంటది,
మధ్యాహ్నానికి గాజులు కనపడవు.

థర్మాకోల్ ముక్కను మాత్రం కాలితో తోస్తది:
"ఇది మన్నుకు పుట్టలె, మన్నుల కలువది.
యాకూబ్ పాషా సుత కొనడు."

మండిబజార్ల పాషా దుకాణం.
అతను అట్ట మూల చింపి
చెంపకు ఆనించి చూస్తడు.
"పైన పొడి, నడుమ చెమ్మ.
పది కిలోలకు కిలోన్నర తడి కోత."
"నేను నీళ్లు సల్లలె పాషా, మంచు సల్లింది."
"అయితే ఆ కిలోన్నర పైసలు మంచునే అడుగు."
ఇద్దరూ నవ్వుతరు.
కోత మాత్రం కోతే.

పేరులనే మొగులున్నది గాని
మొగులు పట్టిందంటే ఆమెకు గుండెదడ.

ఆ శ్రావణ శుక్రవారం
కార్పొరేషన్ బండి మైకు పెట్టుకొని వచ్చింది.
తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు,
పచ్చ డబ్బా, నీలి డబ్బా.
పాట సగంల ఉండంగనే
హన్మకొండ దిక్కునుంచి వాన దిగింది.
మొగిలమ్మ అట్టల కట్ట మీద వాలిపోయి
డ్రైవర్ దిక్కు చూసి అరిచింది:
"ముందుగాల వానకు చెప్పు బిడ్డా,
ఏది తడిదో ఏది పొడిదో!"

మూడు రోజుల అట్ట అది.
నూట నలభై కిలోలు ఉంటదేమో,
నా కండ్లు తూకానికి అలవాటైనయి.
ఆమె నా దుకాణం మెట్టు కాడికి ఉరికొచ్చింది.
"సారూ, ఆ తాటిపత్రి జర అరగంట."

నా ఉల్లిగడ్డ మీద తాటిపత్రి.
యూరియా సంచులు విప్పి, కడిగి,
మూరకు పదహారు కుట్లేసి
పోయిన ఎండకాలం ఆమెనే కుట్టి అమ్మింది.
మూడు వందల యాభై అడిగితే
మూడు వందలకు తెంపిన.

"ఉల్లిగడ్డ మొలకలొస్తదమ్మా," అన్న.
అబద్ధం కాదు.
సగం కుప్పకు సరిపోయేంత
అంచు ఖాళీగనే ఉండె, అది సుత అబద్ధం కాదు.

ఆమె ఇంకో మాట అడగలె.
తన చీర కొంగు ఎంత కప్పితే
అంతే కప్పింది.

నానిన అట్ట బరువు పెరుగుతది.
రెండు ట్రాలీలైనయి.
నేను రాసే లెక్కల ఎక్కువ తూకమంటే ఎక్కువ పైసలు,
ఆమె లెక్కల ఎక్కువ తూకమంటే
పాషా గుమ్మం కాడ తలవంపు.
సగానికి సగం కోసిండట.
మిగిలింది మోరి పక్కన మెత్తబడి
బూడిద రంగు ముద్దయింది.
నీలి డబ్బాల వేస్తే
బండి పిలగాడు ఇది తడిదన్నడు,
పచ్చ డబ్బాల వేస్తే
ఇది కాయితమన్నడు.

సోమవారం పొద్దుగాల
దబ్బనం పట్టుకొని వచ్చింది.
"మీ తాటిపత్రి మూల చినిగింది.
గాలికి ఇంకా పోతది, కుడ్తనా?"
గోడకానుకొని, కాళ్లు చాపి,
నా ఉల్లిగడ్డ కోసం ఎనిమిది కుట్లు వేసింది.

"ఎంత?"
"ఇరవై."
యాభై నోటు ఇచ్చి, ఉంచుకో అన్న.
విననట్టే కొంగు ముడి విప్పి
ముప్పై రూపాయలు చేతుల పెట్టింది,
మూడు పది నోట్లు, ఇంకా తడిగనే ఉన్నయి.

పద్దు పుస్తకం నడుమ ఆరబెట్టిన.
ఇప్పుడు అవి పెళపెళలాడుతున్నయి.
ఆ పేజీ సిరా మాత్రం అలుక్కపోయి
ఎవరికి నేనెంత బాకీనో
చదువరాకుండున్నది.